ఆయమ్మ ఆలస్యంగా వస్తే జీతం కోయడం తప్పా?

నల్లగండ్ల అమ్మ:
మా బాబుకు 14 నెలలు. నా 26 వారాల ప్రసూతి సెలవు ముగిసిన నాటి నుంచి వాణ్ని ఒకే ఆయమ్మ చూసుకుంటోంది. ఆదివారం తప్ప రోజూ ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర వరకు పని, నెలకు 16,000 రూపాయల జీతం అని మొదటే మాట్లాడుకున్నాం. నవంబరులో 25 పనిదినాలుంటే ఆమె 17 రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చిన సమయం మా గేటు దగ్గర యాప్‌లో నమోదవుతుంది కనుక ఇది నా ఊహ కాదు. మొత్తం 3 గంటల 50 నిమిషాలు తేలింది. నాకు తొమ్మిదింటికే ఆఫీసు మీటింగు మొదలవుతుంది, ఆమె అప్పటికి రాని రోజున బాబును ఒళ్లో పెట్టుకుని కెమెరా ముందు కూర్చోవలసి వస్తోంది. రెండుసార్లు చెప్పి చూసి, చివరికి రెండు సగం రోజుల జీతం, అంటే 640 రూపాయలు, తగ్గించి ఇచ్చాను. ఆమె డబ్బు లెక్కపెట్టుకుని మాట్లాడకుండా వెళ్లింది. అప్పటి నుంచి అడిగినదానికి తప్ప నోరు విప్పడం లేదు. నేను చేసింది తప్పా?

పాత పోస్టుమాస్టరు:
ఎంతమాత్రం తప్పు కాదమ్మా. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో గంటలోపు ఆలస్యాన్ని, తగిన కారణం ఉంటే, నెలకు రెండుసార్లకు మించకుండా మన్నిస్తారు. ఆపైన ఒక్కో ఆలస్యానికి సగం రోజు క్యాజువల్ లీవు పోతుంది. ఆ లెక్కన పదిహేను సగం రోజులు కోయవలసిన చోట మీరు రెండే కోశారు. మా అమ్మాయి ఇంట్లో ఆయా ఒకనాడు చెప్పకుండా మానేస్తే, మనవరాలి కోసం ఈ వయసులో నేను వరంగల్లులో తెల్లవారుజాము రైలెక్కి రావలసి వచ్చింది. ఆ రోజు నా టికెట్టు డబ్బులు ఎవరిచ్చారు?

తులసికోట:
గేటు దగ్గర ఏ సమయం నమోదవుతుందో ముందు చెప్పండి. మా దగ్గర పనివాళ్ల సంచులు వెతికే వరుస ఉదయం పూట చాలా పొడవుగా ఉంటుంది, యాప్‌లో పేరు పడేది ఆ వరుస చివర. ఆమె ఎనిమిదీ ఇరవైకే వచ్చి నిలబడి ఉండవచ్చు.

నల్లగండ్ల అమ్మ:
వరుస మా దగ్గరా ఉంది, కానీ అది పది నిమిషాలకు మించదు. వరుస ఉందని ఆమెకూ తెలుసు కదా, ఆ మేరకు ముందే బయలుదేరాలి.

కొత్త సభ్యుడు:
2023 డిసెంబరు 9 నుంచి మన తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే. ఒక బస్సు ముందు ఎక్కితే సరిపోతుంది.

బోరబండ బిడ్డ:
ఉచితమైన తర్వాత ఆ వేళలో బస్సు మెట్టు మీద కాలు మోపి చూశారా? మా అమ్మ పదకొండేళ్లు ఆయాగా చేసింది కనుక నేను చెప్పగలను. మా బస్తీలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, ఆ తెల్లవారుజామున డ్రమ్ము నింపుకోకుండా బయలుదేరితే రెండు రోజులు ఇంట్లో నీళ్లుండేవి కావు. పోస్టుమాస్టరు గారూ, మీ నిబంధనలో పోయేది సెలవు, జీతం కాదు. ఆయమ్మకు ఏడాదికి ఎన్ని క్యాజువల్ లీవులిచ్చారో ముందు అడగండి, తర్వాత కోద్దురు గాని. ఇక నల్లగండ్ల అమ్మగారూ, ఆ యాప్‌లో వెళ్లిన సమయం కూడా ఉంటుంది. అది ఎందుకు రాయలేదు?

పాత పోస్టుమాస్టరు:
అడిగిన ప్రశ్న రావడం గురించి. హాజరు పుస్తకంలో సంతకం ఉదయం పెడతారు.

తులసికోట:
వరుస పది నిమిషాలంటే 17 రోజులకు 170 నిమిషాలు. అది తీసేస్తే మిగిలేది గంట. గంటకు 640 రూపాయలా?

నల్లగండ్ల అమ్మ:
నేనేదో దాచినట్టు మాట్లాడకండి. ఇవిగో, రాస్తున్నాను: నవంబరులో 18 రోజులు ఆరున్నర దాటి వెళ్లింది, మొత్తం 14 గంటలు. అయితే ఆ వేళకు బాబు చాలా రోజులు పాలు తాగి పడుకునే ఉంటాడు. ఆమె హాల్లో కూర్చుని టీవీ చూస్తుంది, నేను అన్నం కూడా పెడతాను. దాన్ని పని అంటారా? మా ఇంట్లో ఆమెను ఇంటి మనిషిలాగే చూస్తాం.

బోరబండ బిడ్డ:
ఇంటి మనిషికి జీతం ఎవరూ కోయరండీ. ఆ 14 గంటలు లేచి ఇంటికి వెళ్లిపోయే వీలు ఆమెకు ఉందా? లేకపోతే అది పనే. 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం, 189వది, ఈ మాటే చెబుతుంది: ఇంట్లోవాళ్లు పిలిస్తే పలకడానికి ఆగి ఉన్న సమయాన్ని, ఆ దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు, పనిగంటలుగా లెక్కించాలి. మీ లెక్కనే చూద్దాం. 16,000ను 25 రోజులకు, రోజుకు పది గంటలకు పంచితే గంటకు 64 రూపాయలు. ఆమె ఆలస్యం ఖరీదు 245, మీరు ఆపి ఉంచినదాని ఖరీదు 896. అమ్మ ఎనిమిదైనా రాకపోతే తమ్ముడికి అన్నం వండింది నేను, అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ అమ్మగారు కూడా మమ్మల్ని ఇంటి మనుషులనే అనేవారు.

పాత పోస్టుమాస్టరు:
ఆ ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించలేదు.

ప్రేక్షకురాలు:
ఆ వేళలో పిల్లవాడి తండ్రి ఎక్కడున్నారు?

నల్లగండ్ల అమ్మ:
బెంగళూరులో. శుక్రవారం రాత్రి వస్తారు.
అక్టోబరు దాకా సాయంత్రం ఏ గొడవా లేదు. అమెరికా తూర్పు తీరం వాళ్లు ఉదయం ఎనిమిదింటికి పెట్టే మీటింగు మనకు సాయంత్రం ఐదున్నరకు ఉండేది, ఆమె వెళ్లే వేళకు ముగిసేది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు, అది ఆరున్నరకు వచ్చి పడింది. నాకు కుదరదని మేనేజరుతో అనలేకపోయాను, మా బృందంలో ఇద్దర్ని అప్పుడే తీసేశారు. ఆయమ్మను మాత్రం ఏమీ అడగకుండా ఆపేశాను. ఉదయం ఆమె పావుగంట ఆలస్యంగా, ఏ భయమూ లేకుండా లోపలికి వస్తుంటే నాకు ఒళ్లు మండేది. నేను తొమ్మిది దాటి ఒక్క నిమిషం ఆలస్యమైతే నాలుగు సంజాయిషీలు చెప్పుకుంటాను. 640 కోసింది ఆ మంటతోనేనని ఇప్పుడు అనిపిస్తోంది.

బోరబండ బిడ్డ:
భయం లేదని మీరెలా అనుకున్నారు? ఉదయం ఆలస్యమవడం సాయంత్రం ఆలస్యంగా ఇల్లు చేరడం వల్లేనేమో అడిగారా?

నల్లగండ్ల అమ్మ:
అడగలేదు. అక్టోబరు లెక్క ఇప్పుడే తీసి చూశాను, అప్పుడు ఆలస్యమైంది నాలుగు రోజులే. కోసిన డబ్బు రేపు తిరిగి ఇచ్చి, ఆ 14 గంటలకూ 896 కలిపి ఇస్తాను. మార్చి రెండో ఆదివారం వరకు మీటింగు ఈ వేళకే ఉంటుంది కనుక, అప్పటిదాకా తొమ్మిదింటికి ముందు పది నిమిషాలకు వచ్చి ఏడున్నరకు వెళ్లడం ఆమెకు కుదురుతుందో లేదో కనుక్కుంటాను. అదనపు గంటకు విడిగా ఇస్తాను. కుదరదంటే ఏం చేయాలో నాకు తెలియదు.

పాత పోస్టుమాస్టరు:
ఇవ్వండి, కానీ రాసి సంతకం తీసుకోండి.

తులసికోట:
తొమ్మిదికి పది నిమిషాలు గేటు దగ్గరా, ఫ్లాటు తలుపు దగ్గరా?