కెన్యా టీపొడి: పాలు పోయకుండా తాగడం తెలివా, బడాయా?

కాలవగట్టు (అమలాపురం):
మా తమ్ముడు కువైట్ నుంచి వస్తూ కెన్యా టీపొడి కిలో తెచ్చాడు. నెల రోజులుగా పొద్దున్నే నాకు అదే, పాలు లేకుండా. గ్లాసుడు మరిగిన నీళ్లలో చెంచాడు పొడి వేసి, మూడు నిమిషాలు మూతపెట్టి వడకడతాను. ఎర్రటి రంగు, నాలిక మీద చురుకు. గేదె పాలు పోస్తే ఆ చురుకు చచ్చిపోతుంది. అమ్మ మాత్రం "పాడి ఉన్న ఇంట్లో నీళ్ల టీ ఏవిట్రా" అని రోజూ గొడవ. మీరేమంటారు?

పాడిగేదె (పాలకొల్లు):
ఆయ్, గేదెకి తెలిస్తే చేపడం మానేస్తుందండి.

తిరుగుటపా (భీమవరం):
ఎటకారం సరే గానీ, నేను నాలుగేళ్లు నైరోబీలో పనిచేసొచ్చాను. పాలు లేకుండా తాగితేనే ఆఫ్రికా టీకి మర్యాద అని మీరు అనుకుంటున్నట్టుంది. అక్కడివాళ్లే పాలు, నీళ్లు, పొడి, పంచదార కలిపి మరిగించి తాగుతారు. పేరు కూడా చాయే!

మొక్క కూడా మన దేశం నుంచి వెళ్లిందే. 1903లో నైరోబీ దగ్గర లిమురులో మొదట నాటారు. పొడి చేసే పద్ధతీ మనదే. ఆకుని పళ్ల రోలర్ల మధ్య నలిపి, చింపి, గుళికలుగా చుట్టే సీటీసీ 1930ల్లో అస్సాంలో మొదలైంది. కెన్యా టీలో చాలా భాగం ఇదే. చటుక్కున రంగు దిగుతుంది, పాలు పోసినా నిలబడుతుంది. కెన్యాలో టీ పండే కెరిచో కొండలు భూమధ్యరేఖ పక్కనే కాబట్టి అక్కడ ఏడాది పొడుగునా కోతే. అస్సాంలో చలికాలం కోత ఆగిపోతుంది. ఆ పొడిలో పాలు పోస్తే పాపమేం కాదండి. మీ అమ్మగారిదే రైటు.

సూదిమందు (రావులపాలెం):
నర్సుగా ఒక్క ముక్క. రక్తం తక్కువున్నవాళ్లు టిఫిన్‌తో పాటు టీ తాగకండి, గంట ఆగండి. అన్నంలో, ఆకుకూరల్లో ఉండే ఇనుముని టీ ఒంటికి పట్టనివ్వదు. పాలు పోసినా అంతే.

బోరునీళ్లు (రాజోలు):
అసలు సంగతి నీళ్లు. కాలవ నీళ్లు కాచి వడకడితే మీరన్న ఎర్రరంగు మాకూ వస్తుంది. ఎండాకాలం కాలవలు కట్టేశాక బోరే గతి. అప్పుడదే పొడి నల్లగా, చప్పగా దిగుతుంది, పైన తెట్టు కడుతుంది. నీళ్లలో సున్నం ఎక్కువైతే ఇంతే. ఆ తప్పు కనపడకుండా చేసేవి చిక్కటి పాలే. మన వైపు పాల టీ పాతుకుపోవడానికి ఇదీ ఓ కారణమేమో అని నా అనుమానం.

కాలవగట్టు:
భీమవరం అన్నయ్యగారూ, చాయ్ సంగతి నాకు తెలీదు, ఒప్పుకున్నాను. కానీ నాకు సుగర్. పాల టీ అంటే మా ఇంట్లో మూడు చెంచాల పంచదార పడాల్సిందే, లేకపోతే అమ్మకది టీయే కాదు. ఉత్తదైతే తీపి లేకుండానే గొంతు దిగుతోంది. అందుకని పొద్దున్నే ఉత్తదే. పదింటికి అమ్మ చేతి పాల టీ అరగ్లాసు, పంచదార సగానికి తగ్గిస్తానంటేనే. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

పాడిగేదె:
పొడి మిగిలితే ఓ గుప్పెడు ఇటు పంపండి. పాలు నావి.