బీటెక్ చదువుకుంటా విడిగా పియానో క్లాసులు: నెల్లూరులో ఎవరన్నా నేర్చుకున్నారా?

సింగరాయకొండ కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది సింగరాయకొండ. నెల్లూరులో బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటా. చిన్నప్పుడు కర్ణాటక గాత్రం కొన్నాళ్లు నేర్చుకున్నా. సరళీ, జంట వరసలు, గీతాల దాకా వచ్చి టెన్త్ చదువు మొదలవంగానే మానేశా. పియానో అంటే మాత్రం మొదట్నుంచీ పిచ్చి. నాన్న 61 కీల కీబోర్డు కొనిచ్చాడు. యూట్యూబ్ చూసి కొన్ని పాటలు కుడిచేత్తో వాయిస్తా. ఎడమచెయ్యి కలిపానంటే రెండూ ఆగిపోతాయి.

వేదాయపాళెం వైపు ఒక మేడమ్ వాళ్లింట్లో ఒక్కొక్కరికీ విడిగా నేర్పుతారంట. వారానికి ఒక్క క్లాసు, ముప్పావుగంట, నెలకి 2,400. మాగుంట లేఅవుట్ దగ్గర ఇంకో చోట గ్రూపు క్లాసులైతే వారానికి మూడు రోజులు, నెలకి 1,200. తక్కువ క్లాసులకి రెట్టింపు డబ్బులు ఎందుకురా అని నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. వారానికి ఒక్క క్లాసుతో వస్తదా? ఇరవై దగ్గర పడ్డాక వేళ్లు తిరుగుతాయా? సెమిస్టర్ పరీక్షలప్పుడు ఎట్టా నెట్టుకురావాలి? మెట్లు మెట్లుగా ఉండే గ్రేడ్ పరీక్షలు కట్టాలా? నేర్చుకున్నవాళ్లు చెప్పండి.

మూలాపేట అక్క:

తమ్ముడూ, నేను బీకాం చదివే రోజుల్లో మూలాపేటలో ఒక మేడమ్ దగ్గర విడిగానే నేర్చుకున్నా. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటా సాయంత్రాలు కొంతమంది పిల్లలకి నేనూ చెప్తున్నా. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు మీ నాన్న అడిగిన దానికి జవాబు. పియానోలో సగం తప్పులు చెవికి తెలుస్తాయి గానీ వాటి కారణం చేతిలో ఉంటుంది. నాకు జరిగింది చెప్తా. మొదట సీ మేజర్ స్కేలు ఇచ్చారు. నీకు తెలిసిన భాషలో శంకరాభరణం. పై సతో కలిపి ఎనిమిది స్వరాలు, ఉన్నవి ఐదు వేళ్లు. అందుకని కుడిచెయ్యి స రి గ వాయించాక, మధ్యవేలు గ మీద ఉండగానే బొటనవేలు దాని కిందనుంచి దూరి మ అందుకోవాలి. నాకు ఆ మ ఒక్కటే ప్రతిసారీ దబ్బుమని గట్టిగా మోగేది. నాకు వినపడేది కూడా. ఎంత మెల్లగా నొక్కినా పోయేది కాదు. మేడమ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని కీల వైపు అసలు చూడలేదు, నా మోచేతినే చూస్తా ఉన్నారు. "నీ బొటనవేలు ఆలస్యంగా బయల్దేరుతా ఉందమ్మా, దాన్ని అక్కడికి చేర్చడానికి మోచెయ్యి ఎగరేస్తున్నావు, ఆ బరువంతా మ మీద పడతా ఉంది" అన్నారు. రి మీద వేలు పడంగానే బొటనవేలు అరచేతి కిందికి జరగాలి, గ మోగేసరికి మ మీద ఊరికే ఆనుకుని ఉండాలి, అప్పుడు నొక్కాలి. ఆ రోజు క్లాసంతా ఈ నాలుగు స్వరాలే. ఇంటికొచ్చి రోజూ అవే. తర్వాతి క్లాసుకి మ మిగతా వాటితో సమానంగా పలికింది.

గ్రూపులో పది కీబోర్డులు ఒకేసారి మోగుతా ఉంటే ఏ టీచరుకైనా నీ మోచెయ్యి కనపడదు. యూట్యూబ్‌కి అంతకంటే కనపడదు. నువ్వు 2,400 కట్టేది ఆ చూపుకి. నాన్నకి ఇదే చెప్పు.

వారానికి ఒక్క క్లాసు చాలు, రోజూ అరగంట కూర్చుంటే. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చున్నా అంత రాదు, చెయ్యి మాత్రం నొప్పి పుడుతుంది. మా మేడమ్ ఒక చిన్న నోటుబుక్కులో రాసిచ్చేవాళ్లు: ఎన్నో బారు (నొటేషన్‌లో రెండు నిలువు గీతల మధ్య ముక్క) నుంచి ఎన్నో బారు దాకా, ఏ చెయ్యి, నిమిషానికి ఇన్ని దెబ్బలని తాళం కొట్టే మెట్రోనోమ్ ఎంత మీద. "5 నుంచి 8 దాకా, ఎడమచెయ్యి ఒక్కటే, 60 మీద" అట్టా. పుస్తకం తెరవంగానే ఏం చెయ్యాలో ఎదురుగా ఉండేది. రెండు చేతులు కలిపితే ఆగిపోతున్నాయి అన్నావే, దానికి మందు కూడా అదే. పాటంతా కలపొద్దు. ఒక్క బారు తీసుకో. ఎడమచెయ్యి చూడకుండా వచ్చేదాకా ఒక్కటే వాయించు, తర్వాత కుడి, తర్వాత రెండూ సగం వేగంలో, తర్వాతి బారు మొదటి స్వరం దాకా. ఆ మొదటి స్వరం దాకా పోవడం ముఖ్యం. చాలామంది బారు గీత దగ్గరే ఆగుతారు, ఆ ఆగడమే చేతికి అలవాటైపోతుంది.

వయసు గురించి దిగులు పడబాక. ఏడేళ్ల పిల్లకి కుడి, ఎడమ చేతుల నొటేషన్ గుర్తులు రెండు క్లెఫ్‌లూ చదవడం నేర్పడానికి నాకు నెలలు పడుతుంది, నీకు కొన్ని వారాలు చాలు. వేళ్ల విషయంలో ఒకటే జాగ్రత్త. ఉంగరం వేలు పక్క వేళ్ల స్నాయువులతో ముడిపడి ఉంటుంది, ఎవరికైనా అది విడిగా పూర్తిగా లేవదు. బలవంతంగా పైకి లేపి వ్యాయామాలు చెయ్యబాక. మణికట్టు నొప్పి పెడితే ఆపేసి, ఆ సంగతి క్లాసులో చెప్పు.

నీ గాత్రం చదువు వృథా కాలేదు. తాళం ఉంది, స్వరస్థానం చెవిలో ఉంది. గమకం మాత్రం ఇక్కడ కుదరదు. కీ నొక్కాక ఆ స్వరం కదలదు, దాన్ని మనసు ఒప్పుకోడానికి కొంత కాలం పడుతుంది. ఇంకోటి, పాడేటప్పుడు శ్రుతి మారితే గొంతుకి అదే పాట. పియానో మీద స మారితే వేళ్ల నడక మొత్తం మారుతుంది. ఎఫ్ కీని స చేసుకుని అదే శంకరాభరణం వాయించు: ఇప్పుడు మ నల్ల కీ మీద పడుతుంది, బొటనవేలు దాని మీదికి పోకూడదు. ఉంగరం వేలుతో మ వాయించి, బొటనవేలు ప దగ్గర దూరుతుంది. ఇట్టాంటివి చేతిలోకి ఎక్కుతుంటే ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను.

పరీక్షలప్పుడు మాత్రం ఆపబాక, తగ్గించు. చేరేటప్పుడే కాలేజీ పరీక్షల తేదీలు మేడమ్‌కి ఇచ్చెయ్యి. మా మేడమ్ పరీక్షల నెలలో కొత్తది ఇచ్చేవాళ్లే కాదు. పాత ముక్కలు, స్కేళ్లు, రోజుకి పది నిమిషాలు, అంతే. నాతోపాటు నేర్చుకున్నవాళ్లలో పూర్తిగా ఆపినవాళ్లు చాలామంది మళ్లీ రాలేదు. తప్పిన క్లాసు ఇంకో రోజు పెడతారా లేదా అన్నది కూడా డబ్బు కట్టకముందే అడుగు.

ఒంగోలు కీస్:

అక్క చెప్పిందానికి నాదొక మాట. నేను చిన్నప్పట్నుంచి ఒంగోల్లో చర్చిలో వాయిస్తున్నా. మన రెండు జిల్లాల్లో కీబోర్డు నేర్పేవాళ్లు చాలామంది చర్చి నుంచి వచ్చినవాళ్లే. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లోనే మొదలైంది, అప్పట్నుంచీ పాట, దాని వెనక వాయిద్యం మన దగ్గర ఉన్నాయి. మావాళ్ల చెవి గట్టిది. పాట ఎత్తుకున్న రెండో లైనుకల్లా కార్డ్స్, అంటే ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు, పడిపోతాయి.

అయితే మాలో చాలామంది ఐదు గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్ చదవరు. సీలో వాయించడం నేర్చుకుని, పాడేవాళ్ల శ్రుతిని బట్టి, వాయిద్యం శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుకుంటాం. ఆరాధన సాగిపోతుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు. నిజం పియానో మీద మాత్రం ఆ బటన్ ఉండదు. నేను డిగ్రీ ఆఖరు సంవత్సరంలో విడిగా క్లాసులకి పోయింది అందుకే. మొదట్లో చానా కష్టంగా ఉండింది, వేళ్లకి తెలిసింది కంటికి తెలియదు కాబట్టి. టీచరు పాత కీర్తనల నాలుగు వరసల నొటేషన్ ముందు పెట్టారు. పై రెండు గొంతులు సోప్రానో, ఆల్టో కుడిచేతికి, కింది రెండు గొంతులు టెనర్, బాస్ ఎడమచేతికి. తెలిసిన పాటే కాబట్టి తప్పు చదివితే చెవి వెంటనే పట్టిచ్చేది. అట్టా చదవడం వచ్చింది.

వేదాయపాళెం మేడమ్‌ని రెండు అడుగు తమ్ముడూ. నొటేషన్ చదివిస్తారా, చెవితో కార్డ్స్ పట్టడం కూడా నేర్పుతారా అని. రెండూ నేర్పేవాళ్లు దొరికితే వదలబాక.

పినాకిని ప్రయాణికుడు:

గ్రేడ్ల గురించి నాకు తెలిసింది. మనవాళ్లు ఎక్కువగా కట్టేవి రెండు: లండన్ ట్రినిటీ కాలేజీ, అక్కడిదే ఇంకో పరీక్షల సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం. రెండింట్లోనూ ఇనిషియల్ అనే మొదటి మెట్టు, ఆ తర్వాత 1 నుంచి 8 దాకా గ్రేడ్లు. వయసు పరిమితి లేదు, 1 నుంచే మొదలుపెట్టాలనీ లేదు. ఏబీఆర్‌ఎస్‌ఎంలో 150కి 100 వస్తే పాస్, ట్రినిటీలో 100కి 60. ఏబీఆర్‌ఎస్‌ఎంలో 6వ గ్రేడుకి పోవాలంటే ముందు 5వ గ్రేడు థియరీ లేదా దానికి బదులు వాళ్లు ఒప్పుకునే ఇంకో పరీక్ష పాసై ఉండాలి. ట్రినిటీలో ఆ నిబంధన లేదు.

ఎదురుగా కూర్చుని ఇచ్చే పరీక్షకి మా అన్నదమ్ములం పినాకిని రైల్లో చెన్నై పోయొచ్చాం. ఇప్పుడు వీడియో పంపే పద్ధతి కూడా ఉంది. ఏబీఆర్‌ఎస్‌ఎం పెర్ఫార్మెన్స్ గ్రేడుకి నాలుగు సంగీతపు ముక్కలు ఆపకుండా ఒకే వీడియోలో వాయించాలి, మధ్యలో కత్తిరించడం కుదరదు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా. ట్రినిటీలో ఎలక్ట్రానిక్ కీబోర్డుకి ఒక సిలబస్, పియానోకి ఇంకో సిలబస్. "గ్రేడ్ పరీక్షకి తయారుచేస్తాం" అని ఎవరన్నా అంటే ఆ రెండింట్లో దేనికో అడిగి డబ్బు కట్టు. కీబోర్డు సిలబస్‌లో తాళం స్టైల్స్, సౌండ్లు మార్చడం ఉంటాయి. పియానో కావాలనుకున్నవాడికి అది వేరే దారి.

సింగరాయకొండ కుర్రోడు:

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. అక్క రాసిన బొటనవేలు సంగతి ఇందాకే చూసుకున్నా. నాకూ మ దగ్గరే మోచెయ్యి లేస్తా ఉంది! నాన్నకి ఫోన్లో చదివి వినిపించా, "సరే, ఒక నెల చూడు" అన్నాడు.

ఇంకా రెండు డౌట్లు. 61 కీలతో ఎన్నాళ్లు గడుస్తుంది? హాస్టల్లో మంచం మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుని వాయిస్తా, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా కింద రూములోవాళ్లు టకటక వినపడతా ఉందంటున్నారు. శనివారం ఇంటికి పోతా కాబట్టి శుక్రవారం క్లాసు పెట్టించుకుందాం అనుకుంటున్నా, సరేనా?

మూలాపేట అక్క:

మీ నాన్న ఒప్పుకున్నందుకు చాలా సంతోషం తమ్ముడూ.

శుక్రవారం వద్దు. క్లాసు అయిన మర్నాడు కూర్చుంటేనే మేడమ్ చెప్పింది చేతిలో నిలుస్తుంది. శుక్రవారం నేర్చుకుని శని, ఆదివారాలు సింగరాయకొండలో కీబోర్డు లేకుండా గడిపితే సోమవారానికి సగం పోయుంటుంది. సోమవారమో మంగళవారమో అడుగు. వెనక మూడు నాలుగు రోజులు వరసగా దొరుకుతాయి.

61 కీలంటే ఐదు ఆక్టేవులు, మొదటి ఏడాదికి ఇబ్బంది లేదు. టచ్ రెస్పాన్స్ ఆన్‌లో ఉందో లేదో చూడు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. అది లేకపోతే మ గట్టిగా మోగుతున్న సంగతి నీకెప్పటికీ తెలియదు. తర్వాత కొనదలిస్తే 88 కీలు, బరువున్న కీలు, పెడల్ ఉన్న డిజిటల్ పియానో తీసుకో. తీగల పియానో మీద మనసు పడినా మన ఊళ్లో దాన్ని కాపాడటం కష్టం. మా మేడమ్ దగ్గర నిలువు పెట్టెలా ఉండే పాత అప్‌రైట్ పియానో ఉండేది. మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ గాలి తేమకి చెక్క ఉబ్బి తీగలు బిగిసి శ్రుతి పైకి పోయేది. ట్యూనర్ చెన్నై నుంచి రావాలి. అయినా వారానికోసారి ఆ బరువైన కీల మీద వాయించడం వల్ల నా వేళ్లకి వచ్చిన బలం వేరు. ఈ మేడమ్ ఇంట్లో ఏముందో కనుక్కో. అక్కడ బరువున్న కీలుంటే హాస్టల్లో నీ చిన్న కీబోర్డు చాలు.

ఒళ్లో మాత్రం పెట్టుకోబాక. మణికట్టు వంగుతుంది, కీబోర్డు ఊగుతుంది, నేర్చుకున్న చేతివాటం పాడవుతుంది. చదువుకునే బల్ల మీద పెట్టు, మోచెయ్యి కీల ఎత్తుకి వచ్చేలా కుర్చీలో దిండు వేసుకో. టకటక బల్ల కాళ్లలోంచి నేలకి దిగుతుంది, ఒక్కో కాలు కింద నాలుగు మడతల పాత దుప్పటి ముక్క పెట్టు. రాత్రి పది దాటాక వద్దు, వాళ్లకీ పరీక్షలుంటాయి.

ట్రయల్ క్లాసుకి పోయినప్పుడు నువ్వే ఎక్కువసేపు వాయించేలా చూస్తున్నారా, ఆవిడే వాయించి చూపిస్తున్నారా అన్నది గమనించు. నీ చేత వాయించి, మధ్యలో ఆపి, నీ చేతిని సరిచేస్తే వెంటనే చేరిపో. ఆ రోజు ఏం ఇచ్చారో ఇక్కడ రాయి, నేను చూస్తా ఉంటా.