ముప్పై ఏళ్ల కొబ్బరి తోటలో కోకో: నీడ, మురుగు, గింజల అమ్మకం

అడిగినవారు: అమలాపురం వైపు కొబ్బరి రైతు

మాకు రెండెకరాల కొబ్బరి తోట ఉంది. చెట్లు ముప్పై ఏళ్లవి, చెట్టుకూ చెట్టుకూ ఎడం 25 అడుగులు. తెల్లదోమ సోకిన నాటి నుంచి దింపుకు వచ్చే కాయ తగ్గిపోయింది కాబట్టి, చెట్ల నడుమ ఖాళీలో కోకో (చాక్లెట్ తయారీకి వాడే గింజల పంట) వేయాలని ఇంట్లో అనుకుంటున్నాము. నేల ఒండ్రు నేల. వానాకాలంలో మురుగు కాలువ పొంగితే తోటలో ఒక మూల రెండు మూడు రోజులు నీరు నిలుస్తుంది. ఇటువంటి చోట కోకో నిలుస్తుందా, ఎకరానికి ఎన్ని మొక్కలు పెట్టవచ్చు, గింజలను పచ్చిగా అమ్మాలా ఎండబెట్టి అమ్మాలా అన్నది అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

జవాబు: రావులపాలెం తోట

మీ చెట్ల వయసు కోకోకు అనుకూలమేనండి. కోకో అమెజాన్ ఎగువ ప్రాంతపు వర్షారణ్యంలో పెద్ద చెట్ల కింద పెరిగే చిన్న చెట్టు కాబట్టి నీడను ఓర్చుకుంటుంది గాని, ఓర్చుకోవడం వేరు, కాపునివ్వడం వేరు. ఎనిమిదేళ్ల నుంచి పాతికేళ్ల లోపు కొబ్బరి తోటల్లో మట్టలు కమ్ముకొని కిందికి వెలుతురు చాలదు. ఆ తరువాత మొవ్వు పైకి పోయిన కొద్దీ పక్కల నుంచి ఎండ దిగుతుంది. ఎకరానికి సుమారు 200 మొక్కలు చాలు. కొబ్బరి మొదలుకు కనీసం ఆరడుగుల దూరం ఉంచండి.

మొక్కలను ఎంచుకునేటప్పుడు ఒకే చెట్టు నుంచి కట్టిన అంట్లతో తోటంతా నింపకండి. చాలా కోకో చెట్లలో పువ్వు తన పుప్పొడితో తాను పిందె కట్టదు. కర్ణాటకలోని విట్టల్ పరిశోధన కేంద్రం, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన రకాలు నాలుగైదు కలిపి నాటడం క్షేమం.

విత్తనపు మొక్క నాలుగైదు అడుగులు పెరిగాక గొడుగులా కొమ్మలు విచ్చుకుంటుంది. దాని కింద నుంచి నిలువుగా లేచే నీటి కొమ్మలను ఎప్పటికప్పుడు తీసివేయకపోతే చెట్టు రెండో అంతస్తు కట్టుకుంటుంది. అప్పుడు కాయ చేతికి అందదు, మందు పైదాకా పోదు.

జవాబు: లంక రైతు

నీడ గురించి పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను. కాని ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ఆ నీరు నిలిచే మూల. కోకో తేమను ఎంత కోరుతుందో వేళ్ల దగ్గర గాలిని కూడా అంతే కోరుతుంది. ముందు బోదెలు తీసి, నీరు మురుగు కాలువలోకి దిగే దారి చూసుకోండి; అది కుదరకపోతే ఆ మూలను వదిలివేయడమే మేలు.

వానల్లో నల్లకాయ కుళ్లు తప్పక కనిపిస్తుంది. కాయ మీద గోధుమ రంగు మచ్చగా మొదలై కొద్ది రోజుల్లోనే కాయ మొత్తం నల్లబడుతుంది. అటువంటి కాయలను కోసి తోట బయట పూడ్చిపెట్టాలి. తొలకరికి ముందే ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పిచికారీ చేయాలి. అలాగని తోటను అద్దంలా ఊడ్చి ఉంచడమూ పొరపాటే, ఎందుకంటే కోకో పువ్వుకు పరాగసంపర్కం చేసేది కంటికి సరిగా ఆనని, దోమలాంటి చిన్న పురుగు, అది పెరిగేది కుళ్లుతున్న ఆకుల్లోనూ కాయ తొక్కల్లోనూ. మంచి ఆకును నేల మీదే ఉండనివ్వండి.

జవాబు: ఎండు గింజల వ్యాపారి

అమ్మకం మాటకు వస్తే, పచ్చి గింజలు అమ్మడంలో శ్రమ తక్కువ, మిగులూ తక్కువే. కాయ పండడానికి పూసిన దగ్గర నుంచి అయిదారు నెలలు పడుతుంది. కోసేటప్పుడు కాయను మెలిపెట్టి లాగకుండా కత్తెరతో తొడిమ తెంపాలి, ఎందుకంటే మానును అంటిపెట్టుకొని ఉన్న ఆ బుడిపె మీదే మళ్లీ పూత వస్తుంది. కాయను కత్తితో చీలిస్తే గింజ తెగి బూజు పడుతుంది. చెక్క దుంగకు కొట్టి పగలగొట్టండి.

ఎండబెట్టి అమ్మాలంటే ముందు గింజలను పులియబెట్టాలి. అందుకు వాటిని గుజ్జుతో సహా అరటి ఆకులు పరచిన బుట్టలో నింపి, పైన గోనె కప్పి, మూడో రోజూ అయిదో రోజూ కలియబెట్టాలి. లోపలి వేడి 45 నుంచి 50 డిగ్రీలకు చేరితేనే మొలక చచ్చి, గింజలో చాక్లెట్ వాసనకు పునాది పడుతుంది. రెండు మూడు కిలోలు పులియబెట్టాలని చూస్తే ఆ వేడి పుట్టదు. చిన్న తోటల వారు ఇరుగుపొరుగుతో కలిసి ఒకే బుట్టలో వేయడం ఉత్తమం. ఆరేడు రోజులకు తీసి ఎండబెడితే తేమ ఏడు శాతానికి దిగాలి. గుప్పెడు గింజలు నొక్కి చూస్తే పటపట చప్పుడు వినిపించాలి. గింజను కోసి చూసినప్పుడు గోధుమ రంగు ఉంటే సరిగా పులిసినట్లు, పలక రంగు ఉంటే అసలు పులియనట్లు.

ధర మీద మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకండి. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిన్నందువల్ల 2024లో అంతర్జాతీయ ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది, మరుసటి ఏడాది బాగా పడిపోయింది. ఆనాటి ధరతో లెక్కలు వేసుకొని అప్పు చేయడం మంచిది కాదు.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నీరు నిలిచే మూలను వదిలి మిగిలిన భాగంలోనే నాటుతాము. కాపు వచ్చేదాకా మూడేళ్లు ఖాళీగా ఉంచకుండా మధ్యలో అరటి వేయవచ్చా?

జవాబు: రావులపాలెం తోట

వేయవచ్చునండి. లేత మొక్కకు అరటి నీడ మేలే చేస్తుంది. రెండో ఏడు దాటాక పిలకలను తగ్గిస్తూ రండి. లేకపోతే ఎరువంతా అరటే తింటుంది.