స్త్రోకర్ అంటే తీగవాద్యాలేనా?

స్వీడిష్ నేర్చుకుంటున్నాను. ఈ వారం పాఠం ఆర్కెస్ట్రా. మొదటి రోజే పరువు పోయింది. వాద్యబృందాన్ని నడిపించే ఆయన్ని 'కొండుక్తోర్' అన్నాను, క్లాసంతా ఒకటే నవ్వు. ఆ మాటకు అర్థం రైల్లో టికెట్లు చూసే మనిషట! మన బస్సు కండక్టర్ లాంటివాడే. ఆర్కెస్ట్రా ముందు పుల్ల పట్టుకుని నిలబడేవాడు 'దిరిషెంట్'. ఇక స్టాక్‌హోమ్‌లో 1526 నాటి నుంచీ ఉన్న రాజాస్థాన వాద్యబృందం పేరు 'హోవ్‌కపెల్లెత్'. ఇందులో 'కపెల్' అంటే చిన్న ప్రార్థనామందిరం కూడా.

అసలు సందేహం వేరు. స్వీడిష్‌లో ఏ వాద్యానికైనా 'స్పేలా' అనే ఒక్క క్రియ చాలు. ఫుట్‌బాల్‌కీ, పేకాటకీ అదే. (పిల్లలు బొమ్మలతో ఆడుకుంటే మాత్రం 'లేకా'.) ఊదేదా, కొట్టేదా అన్నది వాద్యం పేరులోనే తెలిసిపోతుంది. అకార్డియన్ 'ద్రాగ్‌స్పేల్', లాగి వాయించేది. మౌత్ ఆర్గాన్ 'మున్‌స్పేల్', నోటి వాద్యం. డ్రమ్ములు, తాళాల విభాగం 'స్లాగ్‌వెర్క్'. స్లాగ్ అంటే దెబ్బ. ట్రంపెట్ వర్గం 'బ్లెక్‌బ్లోస్', అచ్చంగా రేకు ఊదుడు! ఇంగ్లిష్ వాళ్లు కనీసం ఇత్తడి అన్నారు. మన దగ్గర ఆ పని క్రియ చేస్తుంది: వీణ మీటుతాం, సన్నాయి ఊదుతాం, డప్పు కొడతాం.

వయొలిన్ వర్గాన్ని 'స్త్రోకర్' అంటున్నారు. తీగవాద్యాలు అని రాసుకోనా?

జవాబు: వద్దండీ. తీగకి వాళ్ల మాట 'స్త్రెంగ్'. 'స్త్రోకె' అంటే వయొలిన్ తీగల మీద లాగే కమాను. ఆర్కెస్ట్రాలో హార్ప్‌కీ తీగలున్నాయి, కానీ వేళ్లతో మీటుతారు కాబట్టి స్త్రోకర్‌లో చేరదు. వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్, అంతే. నాట్యశాస్త్రం రాసిన భరతుడి లెక్కలో తీగ ఉంటే చాలు, అన్నీ తత వాద్యాలే. మన ఫిడేలు వాళ్లకి కమాను తెలిసిన మాటే కనుక 'కమాను వాద్యాలు' అని రాసుకోండి.

ఇంకొకరు: చిన్న సవరణ. మనకీ ఉమ్మడి క్రియ ఉంది, 'వాయించు'. మృదంగం, వయొలిన్, సన్నాయి, పియానో అన్నీ వాయిస్తాం. లెక్కల్లో మార్కులు తగ్గితే మా నాన్నగారు వీపు కూడా వాయించేవారు. 'స్పేలా'కి అంత సత్తా ఉందా?

అడిగినవారు: లేదండీ, వీపుకి 'స్లో' అనాలి. స్లాగ్‌వెర్క్‌లో ఉన్నదీ ఆ దెబ్బే. 'కమాను వాద్యాలు' రాసేసుకున్నాను.