సమస్య: "రక్తమును ద్రావు వాఁడె నా రక్షకుండు"

నిర్వాహకుడు:
పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఈ వారం సమస్య మా అమ్మాయి పుణ్యం. సెలవులకి వచ్చి వారం రోజులుగా ఒకే తరహా ఇంగ్లీషు నవలలు చదువుతోంది. అందులో హీరోలంతా రక్తపిశాచులే. ఊరికే పిశాచులు కారు, యోధులు. రాత్రంతా కత్తులతో ఊరు కాస్తారు, తెల్లారేసరికి చీకటి గదుల్లో దూరతారు. ఒక్కో భాగంలో ఒక్కో వీరుడికి ప్రేమ కుదురుతుంది. "మెడ కొరికేవాణ్ణి ప్రేమించడమేమిటే?" అన్నాను. "వాడే కదా నాన్నా కాపాడేది!" అంది. సమస్య అక్కడే పుట్టింది.

ఛందస్సు తేటగీతి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సినది, నాలుగో గణం మొదటి అక్షరం. ప్రాస బెడద లేదు కాబట్టి కొత్తవాళ్ళూ దిగండి.

గోదారిగట్టు:
ఇది అడగాలా మాస్టారూ! ద్రౌపది ఉందిగా.

కొప్పు నీడ్చిన నాఁడు నా కొఱకు లేచి
బాసఁ జేసెను సభలోన భయము లేక
నేఁడు దుశ్శాసనుని ఱొమ్ము నెఱయఁ జీల్చి
రక్తమును ద్రావు వాఁడె నా రక్షకుండు

పాతపంచాంగం:
పద్యం శుభ్రంగా నడిచింది, గణాల్లో వంక లేదు. ‘కొప్పు నీడ్చిన’ అన్న ఎత్తుగడ బాగుంది. అయితే ఒక చిక్కు. స్త్రీపర్వంలో గాంధారి నిలదీసినప్పుడు భీముడు ఏమన్నాడు? ఆ నెత్తురు పళ్ళూ పెదవులూ దాటి లోపలికి పోలేదు అన్నాడు. అంటే తాగలేదనేగా? మీ రక్షకుడు సాక్ష్యం మార్చేశాడు.

గోదారిగట్టు:
అది యుద్ధమయ్యాక, కొడుకులందర్నీ పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి చెప్పిన మాట. నా పద్యంలో మాట్లాడేది ద్రౌపది. ఆమెకి కావలసింది ఆమె చూస్తుంది.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాను. ఎవరి నోట చెప్పిస్తున్నామన్నదే పూరణలో సగం బలం. అయితే రక్తం, రక్షణ అనగానే అందరి చెయ్యీ భీముడి మీదికే పోతుంది. ఇక భీముణ్ణి వదిలెయ్యండి. ఇంకొకరు విడిగా అడిగారు, రక్తబీజుడి నెత్తురు తాగిన కాళిక పనికొస్తుందా అని. రాదండీ. సమస్యలో ‘వాఁడె’ అని ఉంది.

నైట్‌షిఫ్టు:
నేను ఈ నవలలు చదివేవాణ్ణే, దాచుకోవడం దేనికి. సూటిగా ఆ పిల్ల మాటల్లోనే రాశాను.

గడప దాటఁడు పిలువక కాచుకొనును
పగలు నిద్రించు రేయి నా పజ్జ నిలుచు
ఆఁకలైనను నా యాన కాఁగునట్టి
రక్తమును ద్రావు వాఁడె నా రక్షకుండు

పాతపంచాంగం:
భావం తర్వాత చూద్దాం, ముందు సంధులు. మొదటి పాదం చివర ‘కాచుకొనును’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత పరుషం సరళం కావాలి కాబట్టి ‘బగలు’ అనండి. రెండో పాదం చివర ‘నిలుచు’ అని ఆపి మూడో పాదాన్ని అచ్చుతో ఎత్తుకున్నారు. అది విసంధి, సంధి చెయ్యాల్సిన చోట చెయ్యకపోవడం. ‘నిలుచు / నాఁకలైనను’ అంటే సరిపోతుంది. యతి చెడదు, ‘నాఁ’లోనూ ‘కాఁ’లోనూ ఉన్నది ఆకారమే.

జంతుశాస్త్రం టీచరు:
పగలు నిద్ర గురించి నాదో మాట. స్టోకర్ రాసిన రక్తపిశాచి నవల ‘డ్రాక్యులా’ వచ్చింది 1897లో. అందులో డ్రాక్యులా ప్రభువు పట్టపగలే లండన్ పికడిల్లీ వీధిలో కనబడతాడు. ఎండ తగిలితే చచ్చిపోవడమనేది 1922 నాటి జర్మన్ మూకీ సినిమాతో వచ్చిపడ్డ సంగతి. ఇప్పటి నవలలు దాన్నే పట్టుకున్నాయి.

నైట్‌షిఫ్టు:
నేను నిద్ర అన్నానేగానీ చావు అనలేదు టీచరుగారూ! సంధులు మాత్రం తలవంచి సరిదిద్దుకుంటాను.

నిర్వాహకుడు:
నాకు ఇందులో మొదటి పాదం పట్టుకుంది. పిలవనిదే గడప దాటకపోవడం స్టోకర్ నవలలోనే ఉంది, ఇంటివాళ్ళలో ఒకరు మొదటిసారి రమ్మనాలి. మనకిది కొత్తేం కాదు. తొంభైల్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దముక్కతో రాసిన ఊళ్ళు నాకు గుర్తున్నాయి. దయ్యమైనా సరే, గుమ్మం దగ్గర మనిషి మాటకి కట్టుబడుతుందన్న నమ్మకమే రెండు చోట్లా. వాళ్ళు రమ్మంటేనే వస్తుంది, మనం రేపు రమ్మంటే వెనక్కి పోతుంది.

ఇక ‘ఆన’ అన్న మాట. అది ఆజ్ఞా అవుతుంది, ఒట్టూ అవుతుంది. ఆకలితో ఉన్నవాడు ఆమె ఆజ్ఞకి ఆగాడా, ఆమె మీద వేసుకున్న ఒట్టుకి ఆగాడా? తేల్చకుండా వదిలేశారు. అదే బాగుంది. మొదట్లో ఈ పిశాచికి అందమూ లేదు, ఆకలి ఆపుకోవడమూ లేదు. 1732లో ఫ్లూకింగర్ అనే ఆస్ట్రియా సైనిక వైద్యుడు సెర్బియాలోని మెద్వెజా ఊళ్ళో సమాధులు తవ్వించి రాసిన నివేదికలో ఉన్నవి పల్లెటూరి రైతుల శవాలు. 1819లో పోలిడోరి అనే రచయిత ఇంగ్లీషు కథతో పిశాచి కోటు తొడుక్కుని ప్రభువయ్యాడు. ఆ ప్రభువుకీ ఆపుకోవడం తెలియదు. ఆకలిని బిగబట్టుకునేవాడుగా మారాకే ప్రేమకథకి పనికొచ్చాడు.

వేణువు:
రక్తం మాటనే విరిచేస్తే?

వేణు నాదము విన్నంత వెదకికొనుచు
వచ్చి నిలిచిన నా కన్నె వలపు నెఱిఁగి
కన్నులందున మెఱసెడి గాఢపు టను
రక్తమును ద్రావు వాఁడె నా రక్షకుండు

గోదారిగట్టు:
ఆహా! చుక్క నెత్తురు కారకుండా గట్టెక్కారు.

పాతపంచాంగం:
గట్టెక్కారు సరే, కాలు జారింది. ‘అనురక్తి’ నామవాచకం. ‘అనురక్తము’ అంటే అనురాగం కలది అని విశేషణం. విశేషణాన్ని ఎలా తాగుతాడు?

వేణువు:
స్మితం, గీతం, గతం కూడా ‘అనురక్తం’లాగే సంస్కృత ధాతువుకి క్త ప్రత్యయం చేరిన మాటలే కదండీ. భావార్థంలో నామవాచకాలుగా వాడుతున్నాంగా.

పాతపంచాంగం:
వాటికి వాడుక ఉంది, దీనికి లేదు. వాదన మాత్రం గట్టిదే, కాదనను.

నిర్వాహకుడు:
విరుపు చక్కగా కుదిరింది, ‘గాఢపు టను’ దగ్గర టుగాగమం (సంధిలో మధ్యన చేరే టకారం) కూడా. అయినా నాకు కొంచెం వెలితి. సమస్యలో ఉన్న భయం పూర్తిగా పోయింది. నెత్తురు మాయమైతే ఇక తీర్చడానికి చిక్కేముంది?

జంతుశాస్త్రం టీచరు:
నా పూరణ నా సబ్జెక్టులోంచే. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉండే నెత్తురు తాగే గబ్బిలం గురించి. రెండు మూడు రాత్రులు వేట దొరక్కపోతే అది చచ్చిపోతుంది. అప్పుడు కడుపు నిండిన తోటి గబ్బిలం తాను తాగిన నెత్తురు కక్కి దాని నోట్లో పోస్తుంది. కోస్టారికా గబ్బిలాల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని విల్కిన్సన్ 1984లో రాశాడు.

రెండు మాపులు వేఁటలో రిత్తయైన
గూఁటఁ బడియున్న ననుఁ జూచి గొంతులోని
కూడు నా నోటఁ గ్రక్కిన కూర్మి తోడు
రక్తమును ద్రావు వాఁడె నా రక్షకుండు

నైట్‌షిఫ్టు:
టీచరుగారూ, దండాలు. ఏ నవలలోనూ ఇంత ప్రేమ చూడలేదు. కానీ గబ్బిలం గూట్లో ‘పడి’ ఎలా ఉంటుందండీ, తలకిందులుగా కదా ఉండేది?

జంతుశాస్త్రం టీచరు:
దొరికిపోయాను! ‘గూఁట వ్రేలాడు ననుఁ జూచి’ అంటాను. గణం సరిపోతుంది. మీకెవరికీ తట్టని ఇంకో తప్పు నేనే చెప్పేస్తున్నా. ఇలా పంచుకునేవి ఎక్కువగా ఆడ గబ్బిలాలే. ‘వాఁడె’ అనడానికి నా మనసు ఒప్పుకోలేదు, సమస్య ఒప్పించింది.

నిర్వాహకుడు:
కాళికని ‘వాఁడె’ అడ్డుపెట్టి ఆపిన వాణ్ణి, గబ్బిలాన్ని వదిలితే పక్షపాతం అంటారు. అయినా వదులుతున్నాను. తాగడమూ కాపాడడమూ ఒకే పనిగా మారింది ఈ ఒక్క పద్యంలోనే. మిగతావాటిలో వాడు ఒకచోట తాగుతాడు, మరోచోట కాపాడతాడు. ‘రిత్తయైన’ అన్న మాటకి ప్రత్యేకంగా చప్పట్లు.

కొత్తకలం:
నమస్కారమండీ. ఇది నా మొదటి తేటగీతి. తప్పులుంటే తిట్టకండి.

నవల చదివితి రాత్రంత నిద్ర లేక
మూయకయె కన్ను కోరల మోముఁ దలఁచి
మంచ మెక్కిన మగనితో మఱచి యంటి
రక్తమును ద్రావు వాఁడె నా రక్షకుండు

పాతపంచాంగం:
అమ్మా, తిట్టడం కాదు, పొద్దున్నే నవ్వించారు. మొదటి పాదంలో యతి తప్పింది. ‘న’కి ‘ని’ కుదరదు. హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ వేరే జట్టు. ‘రేయంత నయనములను’ అని మార్చి, ‘మూయకయె’ని దానికి తగిలించండి.

గోదారిగట్టు:
మూడో పాదం దగ్గర నాకో అనుమానం చెల్లెమ్మా. ‘కోరల మోముఁ దలఁచి మంచ మెక్కిన మగఁడు’ అంటే, పిశాచి మొహం తలుచుకున్నది మీరా, ఆయనా?

నిర్వాహకుడు:
అన్వయం తిరగబడింది. ‘మగఁడు మంచము నెక్కఁగా’ అంటే ఎవరి తలపు వాళ్ళకే ఉంటుంది.

కొత్తకలం:
అందరికీ కృతజ్ఞతలు. సరిదిద్దినది ఇదిగో.

నవల చదివితి రేయంత నయనములను
మూయకయె, కోరపండ్లున్న మోముఁ దలఁచి
మగఁడు మంచము నెక్కఁగా మఱచి యంటి
రక్తమును ద్రావు వాఁడె నా రక్షకుండు

మావారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. లేచి దోమతెర కట్టారు.