వాన పడుతూనే గడ్డకడుతోంది, రాడార్‌కు తెలుస్తుందా?

ప్రశ్న (పలాస):
మా అమ్మాయి మాంట్రియల్‌లో ఉంటోంది. రాత్రి వీడియోలో చూపించింది: కురిసేది వానే, కారు తలుపు పిడి మీద మాత్రం గాజు పెంకులా బిగుసుకుపోతోంది. 2018లో తిత్లీ తుపానుకు మా జీడితోట నేలమట్టమైంది. అప్పటి నుంచి వాతావరణ హెచ్చరికంటే నాకు ప్రాణం. ఇది రాడార్‌లో మామూలు వానలాగే కనబడదా?

జవాబు (విజయనగరం):
మీ అనుమానం నిజమేనమ్మా, రాడార్ ఒక్కటే చాలదు. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం 100 కిలోమీటర్లు వెళ్లేసరికి దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైన మంచు కరిగే పొర మెరిసే పట్టీలా కనిపిస్తుంది కానీ, నేల దగ్గరి చలి కనిపించదు. అది వాతావరణ స్టేషన్ థర్మామీటర్ చెప్పాలి. సున్నాకు దిగువన ఉంటే, అతిశీతల చినుకు (సున్నాకన్నా చల్లబడినా ఇంకా నీరుగానే ఉన్న చినుకు) తాకిన చోటే గడ్డకడుతుంది.

మరో జవాబు:
అమెరికా విమానాశ్రయాల స్టేషన్లలో ఒక చిన్న కడ్డీ సెకనుకు సుమారు 40,000 సార్లు కంపిస్తుంటుంది. మంచు అంటి బరువెక్కే కొద్దీ ఆ కంపనాలు తగ్గుతాయి. ఎంత చక్కని ఆలోచనో!

అడిగినవారు:
చల్లగా ఉండండి బాబూ. సున్నాకు దిగువన వాన పడితే గడప దాటవద్దని అమ్మాయికి ఇప్పుడే ఫోను చేశాను.