ఆకు రసం ఎర్రబడితే ఆకులో గ్లూకోజ్ ఉన్నట్టేనా?

మారాకు: ఆకు నుంచి వేరుకు పోయేది సుక్రోజ్ అని పాఠం. దానికి బెనిడిక్ట్ పరీక్షలో (కొన్ని చక్కెరల్ని రంగుతో పట్టే పరీక్ష) రంగు రాకూడదు. కల్వంలో నూరి గంటసేపు పెట్టిన ఆకు రసం మాత్రం ఇటుక ఎరుపు చూపిస్తోంది. పాఠం తప్పా, పరీక్ష తప్పా?

నాళిక: రెండూ కాదు. ఆకులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. 5 మి.లీ. బెనిడిక్ట్ ద్రావణంలో 8 చుక్కల రసం, మరిగే నీళ్లలో 3 నిమిషాలు. ఎర్రబడితే క్షయకరణ చక్కెర (గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లా ఈ పరీక్షలో రంగిచ్చేది) ఉన్నట్టు. అంతే.

తీగ: అంతే కాదండీ. ఆ గంటే కొంప ముంచింది. నూరగానే రిక్తికలోని (కణంలోని రసపు సంచి) ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ బయటపడి సుక్రోజ్‌ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విరిచేస్తుంది.

గింజ: ఫ్రక్టోజ్ కీటోన్ చక్కెర. దానికి రంగెలా వస్తుంది?

నాళిక: ద్రావణంలోని క్షారానికి అది ఆల్డిహైడ్ చక్కెరగా మారుతుంది. సుక్రోజ్‌లో గ్లూకోజ్ 1వ కార్బన్, ఫ్రక్టోజ్ 2వ కార్బన్ ముడిపడి ఉంటాయి కాబట్టి వలయం విప్పుకోదు, రంగూ రాదు. తీగ గారూ, అన్నీ ఎంజైమ్ మీదకి నెట్టేస్తే ఎలా?

గింజ: అయినా కీటోన్ కీటోనే.

చిగురు: మళ్ళీ ఫ్రక్టోజా! ఆకు సంగతి చూడండి.

తీగ: నెట్టడం కాదు, తేల్చుకోవచ్చు. కోసిన ఆకుని వెంటనే 80 శాతం వేడి ఆల్కహాల్‌లో వేయండి (నీటి తొట్టిలో, మంట మీద కాదు). ఎంజైమ్ చస్తుంది. ఆల్కహాల్ ఆవిరయ్యాక నీళ్లు కలిపి వడకట్టండి, పచ్చదనం చాలావరకు వెనకే ఉండిపోతుంది. సగం అలాగే పరీక్షించండి. మిగతా సగంలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేసి 5 నిమిషాలు మరిగించి, నురగ ఆగేదాకా సోడియం బైకార్బొనేట్ వేయండి. ఇది మరిస్తే రంగే రాదు. మొదటిది లేతగా, రెండోది ఎర్రగా ఉంటే అది సుక్రోజే.

నాళిక: మొదటిదీ పచ్చబడితే, అంటే కొద్దిగా చక్కెర చూపిస్తే? గ్లూకోజ్ లేదన్న మాట వెనక్కి తీసుకుంటారా?

తీగ: లేదని నేనెక్కడన్నాను? సగం చదివి మీద పడకండి. మీరు చెప్పేది గొట్టంలో ఏముందో, అడిగింది ఆకులో ఏముందో.

నాళిక: అదీ కాదు. అడిగింది ఆకు నుంచి ఏం పోతోందని! నూరిన ఆకు ఆ మాట ఎన్నటికీ చెప్పదు. ఆపిల్‌లో సార్బిటాల్ (ఒక చక్కెర ఆల్కహాల్) కూడా పోతుంది, దానికి ఆమ్లంలో మరిగించినా రంగు రాదు.

మారాకు: అయితే పోయే రసం పట్టేదెలా?

తీగ: తొడిమ కోసి, కోసిన కొనని 5 మిల్లీమోలార్ ఈడీటీఏలో (కాల్షియంని పట్టేసే రసాయనం) ముంచి చీకట్లో ఉంచండి. ఈడీటీఏ లేకపోతే గాయం దగ్గర కేలోజ్ అనే పదార్థం పేరుకుని నాళాలు మూసుకుపోతాయి.

నాళిక: మొదట కారింది పారబోయండి. అందులో తెగిన కణాల రసమూ ఉంటుంది.